పీటీహెచ్ (1–34) పెప్టైడ్‌ను ప్రయోగశాలలో కరిగించి, భద్రపరచి, కణాల మీద వాడే విధానం

పారాథైరాయిడ్ హార్మోన్ (పీటీహెచ్) 84 అమైనో ఆమ్లాల గొలుసు, అంటే ఒక పెప్టైడ్. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు ఎముకనూ మూత్రపిండాన్నీ ప్రేరేపించి ఆ స్థాయిని తిరిగి నిలబెట్టేది ఈ హార్మోనే. అయితే ఆ పనికి గొలుసులోని మొదటి 34 అమైనో ఆమ్లాలే సరిపోతాయని 1971లో తేలింది. మెరిఫీల్డ్ 1963లో ప్రకటించిన ఘనదశ సంశ్లేషణ పద్ధతిని ఉపయోగించి, జాన్ పాట్స్, ఆయన సహచరులు ఆవు హార్మోన్‌లోని ఆ తొలి తునకను కృత్రిమంగా నిర్మించి, అది సహజ హార్మోన్‌లాగే పనిచేస్తుందని చూపించారు. మానవ హార్మోన్‌కు చెందిన అదే తునకను ఇప్పుడు ఎముక కణాల మీద, గ్రాహకాల (కణం మీద హార్మోన్ అంటుకునే ప్రోటీన్ల) మీద పరిశోధన చేసేవారు పీటీహెచ్ (1–34) అనే పేరుతో తెల్లని పొడి రూపంలో తెప్పించుకుంటున్నారు.

ఆ పొడి చేతికి అందిన క్షణం నుంచి కణాల మీద దాని ప్రభావాన్ని కొలిచేవరకు ఏం చేయాలో, ఎందుకు చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఈ పెప్టైడ్‌తో చేసే ప్రయోగాలు విఫలమైనప్పుడు మనం సాధారణంగా కణాలను అనుమానిస్తాం, ప్రభావాన్ని కొలిచే కిట్‌ను అనుమానిస్తాం. నా అనుభవంలో మాత్రం తప్పు చాలాసార్లు అంతకుముందే, అంటే తూకంలోనో, కరిగించడంలోనో, పలచన చేయడంలోనో జరిగిపోయి ఉంటుంది. ట్యూబు మీద మనం రాసిన గాఢత, ట్యూబులో నిజంగా ఉన్న గాఢత ఒకటే అయ్యేలా చూసుకోవడమే ఈ పద్ధతి అంతటికీ ఆధారం.

మొదలుపెట్టేముందు ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఇదే క్రమం గల పెప్టైడ్‌కు టెరిపారటైడ్ పేరుతో ఎముకల క్షీణతకు వాడే ఔషధంగా 2002లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. అంతమాత్రాన పరిశోధన కోసం అమ్మే సీసా ఔషధం అయిపోదు. సూక్ష్మజీవులు గానీ, ఎండోటాక్సిన్ (బాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) గానీ అందులో లేవన్న హామీ ఏదీ ఉండదు, మోతాదు ఖచ్చితత్వాన్నీ ఎవరూ ధ్రువీకరించరు. దాన్ని మనిషి శరీరంలోకి ఎక్కించడం ఏ కారణం చేతనైనా చేయకూడని పని.

సీసా మూత తీయకముందు

సీసాతో పాటు వచ్చే విశ్లేషణ పత్రాన్ని ముందుగా చదవాలి. మానవ తునకలో మొదటి అమైనో ఆమ్లం సెరిన్, ఏడవది ల్యూసిన్, పదహారవది ఆస్పరజిన్. ఆవు తునకలో ఆ మూడు స్థానాల్లో వరుసగా ఎలనిన్, ఫినైల్ఎలనిన్, సెరిన్ ఉంటాయి. ఎలుక తునక వీటికి భిన్నంగా ఉంటుంది. మూడూ సీసా మీద దాదాపు ఒకే పేరుతో కనిపిస్తాయి కాబట్టి, పాత ఫలితాలతో పోల్చాలనుకునేవారు ఏ జీవి క్రమాన్ని వాడుతున్నారో నోటుపుస్తకంలో రాసుకోవాలి. మానవ తునక అణుభారం సుమారు 4117.7 డాల్టన్లు. పత్రంలోని మాస్ స్పెక్ట్రమ్ (అణుభారాన్ని కొలిచిన చిత్రం) ఈ సంఖ్యకు సరిపోవాలి.

ఎనిమిదవ, పద్దెనిమిదవ స్థానాల్లో నార్‌ల్యూసిన్‌ను, ముప్పై నాలుగవ స్థానంలో టైరోసిన్‌ను పెట్టి తయారుచేసిన రూపం కూడా దొరుకుతుంది. రేడియోధార్మిక అయోడిన్‌ను తగిలించడానికి టైరోసిన్ కావాలి, సహజ తునకలో అది లేదు. ఆ చర్యలో వాడే ఆక్సీకారక పదార్థాలు మెథియోనిన్‌ను పాడుచేస్తాయి కాబట్టి, దాని స్థానంలో గంధకం లేని నార్‌ల్యూసిన్‌ను ఉంచారు. గ్రాహకానికి అంటుకునే తీరును కొలవదలచినవారికి ఆ రూపం అనుకూలం. మామూలు కణ ప్రయోగాలకు సహజ క్రమమే చాలు.

పొడిని మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద, వీలైతే మైనస్ 80 వద్ద, తేమను పీల్చే గుళికలున్న డబ్బాలో ఉంచాలి. మంచు పేరుకోకుండా తనంతట తాను వేడెక్కి చల్లబడే ఫ్రీజర్ ఇందుకు పనికిరాదు, ఎందుకంటే అందులోని ఉష్ణోగ్రత రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బయటికి తీసిన సీసాను మూత బిగించి ఉండగానే అరగంటో, ముప్పావుగంటో గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి. చల్లని సీసా మూత తీసిన వెంటనే గాలిలోని తేమ పొడి మీద చెమ్మగా చేరుతుంది, పెప్టైడ్ నెమ్మదిగా పాడవడం అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ తరువాత సీసాను సెంట్రిఫ్యూజ్‌లో కొద్ది క్షణాలు తిప్పితే మూతకు, గోడలకు పట్టుకున్న పొడి అడుగుకు చేరుతుంది. ఒక మిల్లీగ్రాము పొడి కంటికి కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. సీసా ఖాళీగా వచ్చిందనుకుని కంగారు పడనవసరం లేదు.

ఒక మిల్లీగ్రాములో పెప్టైడ్ ఎంత?

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగే చోటు ఇది, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. సీసా మీద 1 మిల్లీగ్రాము అని ఉంటే అది సాధారణంగా పొడి మొత్తం బరువు. ఆ పొడిలో పెప్టైడ్‌తో పాటు శుద్ధి చేసేటప్పుడు దానికి లవణంగా అంటుకున్న ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం, కొంత నీరు కూడా ఉంటాయి. ఈ తునకలో లైసిన్, ఆర్జినిన్ అవశేషాలు (గొలుసులోని అమైనో ఆమ్లాలు) కలిపి ఐదు, మూడు హిస్టిడిన్లు, గొలుసు మొదట్లో ఒక ఎమైన్ సమూహం ఉన్నాయి. అంటే ఆమ్ల మాధ్యమంలో ధనావేశం మోసే చోట్లు తొమ్మిది. ఒక్కొక్క చోటుకు 114 డాల్టన్ల ఆమ్ల అణువు ఒకటి చొప్పున అంటుకున్నదనుకుంటే 1026 డాల్టన్లు అదనంగా చేరతాయి. అప్పుడు పొడి బరువులో పెప్టైడ్ వాటా సుమారు 80 శాతమే, నీటిని కూడా లెక్కేస్తే ఇంకాస్త తక్కువ.

శుద్ధత, నికర పెప్టైడ్ శాతం (పొడి బరువులో పెప్టైడ్ వాటా) ఒకటి కావు. శుద్ధత 98 శాతం అంటే, ఉన్న పెప్టైడ్ అణువులలో 98 శాతం సరైన క్రమం గలవని అర్థం, లవణాన్ని గానీ నీటిని గానీ ఆ సంఖ్య లెక్కలోకి తీసుకోదు. నికర పెప్టైడ్ శాతాన్ని అమైనో ఆమ్ల విశ్లేషణ ద్వారానో, నత్రజని శాతం ద్వారానో విడిగా కొలుస్తారు. పత్రంలో అది లేకపోతే అమ్మినవారిని అడగాలి.

ఉదాహరణకు నికర పెప్టైడ్ 80 శాతం అని ఉన్న 1 మిల్లీగ్రాము సీసాను తీసుకుందాం. అందులోని అసలు పెప్టైడ్ 0.8 మిల్లీగ్రాములు. దాన్ని 4117.7తో భాగిస్తే దాదాపు 194 నానోమోల్స్ వస్తాయి. 200 మైక్రోమోలార్ స్టాక్ (నిల్వ ద్రావణం) కావాలంటే 971 మైక్రోలీటర్ల ద్రావణి పోయాలి. లవణాన్ని మరచి, మొత్తం పొడిని పెప్టైడ్‌గా లెక్కిస్తే 1214 మైక్రోలీటర్లు పోస్తాం, ట్యూబు మీద 200 అని రాస్తాం, లోపల మాత్రం 160 మైక్రోమోలార్ మాత్రమే ఉంటుంది. ఒకే సీసాతో చేసే ప్రయోగాలలో ఈ తేడా బయటపడదు. వేరే సీసా, వేరే లవణ శాతం వచ్చిన రోజున మాత్రం, మోతాదుకు స్పందనను చూపే వక్రరేఖ ఎందుకు పక్కకు జరిగిందో అర్థం కాక వారాలు గడిచిపోతాయి.

కరిగించిన తరువాత లెక్కను సరిచూసుకోవడానికి ఒక మంచి దారి ఉంది. ఇరవై మూడవ స్థానంలో ఒక ట్రిప్టోఫాన్ ఉంది. టైరోసిన్ గానీ సిస్టీన్ గానీ లేవు కాబట్టి 280 నానోమీటర్ల వద్ద కాంతిని పీల్చేది దాదాపుగా అదొక్కటే. ట్రిప్టోఫాన్ మోలార్ శోషణ గుణకాన్ని 5500గా తీసుకుంటే, 200 మైక్రోమోలార్ ద్రావణం ఒక సెంటీమీటరు మార్గంలో 1.1 శోషణను చూపాలి. అదే ద్రావణిని ఖాళీ నమూనాగా పెట్టి చదవాలి, ఆల్బుమిన్ (పలచన చేసేటప్పుడు కలిపే ప్రోటీన్) కలపకముందే చదవాలి. ఆల్బుమిన్‌లో కూడా ట్రిప్టోఫాన్, టైరోసిన్ ఉంటాయి కాబట్టి అది చేరిన తరువాత ఈ కొలతకు అర్థం ఉండదు. మైక్రోలీటరు చుక్కతో చదివే పరికరం ఉంటే దీనికి రెండు మైక్రోలీటర్లే ఖర్చవుతాయి. ప్రతి కొత్త సీసాకూ ఈ కొలతను తప్పనిసరి చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కరిగించడం

ఈ పెప్టైడ్ నీటిలోనే బాగా కరుగుతుంది, ఆమ్ల మాధ్యమంలో ఇంకా తేలికగా కరుగుతుంది. నేను 10 మిల్లీమోలార్ ఎసిటిక్ ఆమ్లాన్ని వాడతాను. 100 మిల్లీలీటర్ల శుద్ధజలంలో సుమారు 57 మైక్రోలీటర్ల గాఢ ఎసిటిక్ ఆమ్లం కలిపి, 0.2 మైక్రాన్ల వడపోత గుండా పంపితే అది సిద్ధమవుతుంది. ఆమ్ల మాధ్యమంలో ధనావేశాలు ఒకదానినొకటి వికర్షించుకుని అణువులు గుంపులు కట్టకుండా ఉంటాయి, మెథియోనిన్ కాని ఇతర అవశేషాలలో జరిగే మార్పులు కూడా తటస్థ, క్షార మాధ్యమాల కంటే నెమ్మదిస్తాయి. ముఖ్యంగా పదహారవ స్థానంలోని ఆస్పరజిన్ పక్కనే సెరిన్ ఉండటం వల్ల అది అమ్మోనియాను కోల్పోయి ఆస్పార్టిక్ ఆమ్లంగా మారే అవకాశం ఎక్కువ, ఆ మార్పుకు పీహెచ్ పెరగడం తోడ్పడుతుంది. కాబట్టి ఫాస్ఫేట్ బఫర్‌లో స్టాక్ చేసి నిల్వ ఉంచడం మంచిది కాదు.

చాలామందికి ప్రతి పదార్థాన్నీ డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కరిగించే అలవాటు ఉంటుంది. ఈ పెప్టైడ్ విషయంలో ఆ అలవాటును పక్కన పెట్టాలి. ఆ ద్రావణి మెథియోనిన్‌ను ఆక్సీకరించగలదు, పైగా నీటిలో ఇంత తేలికగా కరిగే పదార్థానికి దాని అవసరమే లేదు.

ద్రావణిని గోడల వెంట నెమ్మదిగా పోసి, మూత పెట్టి, సీసాను వంచుతూ తిప్పుతూ ఐదు నుంచి పది నిమిషాలు ఆగాలి. వోర్టెక్స్ (వేగంగా కుదిపే పరికరం) మీద పెట్టి నురగ తెప్పించకూడదు. నురగలో గాలికీ ద్రవానికీ మధ్య ఏర్పడే ఉపరితలం పెప్టైడ్‌ను తనవైపు లాక్కుంటుంది, గాలిలోని ప్రాణవాయువు కూడా ఎక్కువగా కలుస్తుంది. ద్రావణం నీళ్లలా తేటగా కనిపించాలి. మసకగా ఉంటే వాడకుండా కారణం వెతకాలి.

కరిగిన వెంటనే దాన్ని పెప్టైడ్ తక్కువగా అంటుకునే రకం పాలీప్రొపిలీన్ ట్యూబులలో 25 మైక్రోలీటర్ల చొప్పున పంచాలి. పైన చెప్పిన సీసా నుంచి దాదాపు 38 ట్యూబులు వస్తాయి. వీలుంటే ప్రతి ట్యూబులోని గాలిని ఆర్గాన్‌తో గానీ నైట్రోజన్‌తో గానీ తోలి మూత బిగించి, మైనస్ 80 డిగ్రీల వద్ద ఉంచాలి. పేరు, జీవి, గాఢత, ద్రావణి, తేదీ, సీసా బ్యాచ్ సంఖ్య ప్రతి ట్యూబు మీదా ఉండాలి. ఒకసారి కరిగిన ట్యూబును మళ్లీ గడ్డకట్టించకూడదు. మిగిలిన పది మైక్రోలీటర్ల మీద మమకారంతో దాన్ని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టడం వల్ల ఆదా అయ్యేదానికంటే, ఆ తరువాత పాడయ్యే ప్రయోగం ఖరీదే ఎక్కువ.

పలచన చేయడం

పెప్టైడ్ కనిపించకుండా మాయమయ్యేది ఇక్కడే. 200 మైక్రోమోలార్ ద్రావణంలో ట్యూబు గోడకు అంటుకుపోయే కొద్ది అణువులు లెక్కలోకి రావు. నానోమోలార్ స్థాయికి వచ్చేసరికి గోడకు అంటుకునేది మొత్తంలో పెద్ద వాటా అవుతుంది. ధనావేశం గల ఈ పెప్టైడ్‌కు గాజు అంటే మరీ ఆకర్షణ, ఎందుకంటే గాజు ఉపరితలం ఋణావేశంతో ఉంటుంది.

నేను ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో పలచన ద్రావణాలన్నిటినీ గాజు గొట్టాలలో, ఉత్త బఫర్‌తో చేశాను. వక్రరేఖ పై భాగం చక్కగా వచ్చేది, కింది భాగం మాత్రం నిటారుగా పడిపోయేది. గ్రాహకం ఏదో విచిత్రంగా ప్రవర్తిస్తున్నదని నమ్మి, దానికి వివరణలు వెతుకుతూ చాలాకాలం గడిపాను. బఫర్‌లో 0.1 శాతం ఆల్బుమిన్ కలిపి, గాజు స్థానంలో ప్లాస్టిక్ ట్యూబులు పెట్టిన రోజునే రేఖ మామూలు ఆకారానికి వచ్చింది.

అందువల్ల పలచన బఫర్ ఏదైనా, అందులో ఆవు సీరమ్ ఆల్బుమిన్ 0.1 శాతం ఉండాలి. ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములు లేని రకాన్ని ఎంచుకోవాలి. ట్యూబులలో, పిపెట్ టిప్‌లలో పెప్టైడ్ అంటుకునే చోట్లన్నీ ముందుగా ఆల్బుమినే ఆక్రమించుకోవడం వల్ల పెప్టైడ్ ద్రావణంలోనే మిగులుతుంది. ఆల్బుమిన్ బదులు పాలీసార్బేట్ వంటి డిటర్జెంట్‌ను కొందరు వాడతారు. పాత సీసాలలోని పాలీసార్బేట్‌లో పెరాక్సైడ్లు పేరుకుని ఉంటాయి, అవి నేరుగా మెథియోనిన్ మీద పడతాయి. తప్పనిసరిగా వాడవలసి వస్తే కొత్తగా తెరిచిన, స్వచ్ఛమైన రకాన్నే వాడాలి.

కణాల మీద తుది గాఢత 10 పికోమోలార్ నుంచి 100 నానోమోలార్ వరకు ఉండేలా తొమ్మిది బిందువులు పెట్టుకుంటే రేఖ పూర్తిగా కనిపిస్తుంది. ప్రతి బావిలో (కణాలు పెరిగే పళ్లెంలోని గుంటలో) పది వంతుల్లో ఒక వంతుగా కలుపుతాం కాబట్టి, పలచన ద్రావణాలను పది రెట్లు గాఢంగా చేసుకోవాలి. స్టాక్ నుంచి 5 మైక్రోలీటర్లను 995 మైక్రోలీటర్ల ఆల్బుమిన్ బఫర్‌లో కలిపితే 1 మైక్రోమోలార్ వస్తుంది. అక్కడి నుంచి ప్రతి మెట్టులో 3.16 రెట్లు తగ్గిస్తూ పోవాలి. అందుకు 300 మైక్రోలీటర్లను 648 మైక్రోలీటర్ల బఫర్‌లో కలపాలి. ప్రతి మెట్టుకూ పిపెట్ టిప్‌ను మార్చాలి, లేకపోతే పై గాఢత నుంచి మోసుకొచ్చిన చుక్క కింది బిందువులన్నిటినీ పైకి లాగుతుంది. ఈ ద్రావణాలను అప్పటికప్పుడు తయారుచేసి, మంచు మీద ఉంచి, అదే రోజు వాడి పారేయాలి.

కణాల మీద కొలవడం

ఈ పెప్టైడ్ అంటుకునే గ్రాహకం ప్రధానంగా ఎడినైలేట్ సైక్లేజ్ అనే ఎంజైమును ప్రేరేపించి, కణం లోపల సందేశాన్ని మోసే సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. ఎలుక ఎముక కణితి నుంచి వచ్చిన యూఎంఆర్-106 కణాలలో, మానవ ఎముక కణితి నుంచి వచ్చిన సావోస్-2 కణాలలో ఈ గ్రాహకం సహజంగానే ఉంటుంది కాబట్టి అవి అనువైనవి. ఇతర కణాలలోనైతే గ్రాహక జన్యువును మనమే ప్రవేశపెట్టవలసి రావచ్చు.

కణాలను సీరమ్ లేని, ఆల్బుమిన్ ఉన్న బఫర్‌తో కడిగి, సైక్లిక్ ఏఎంపీని విచ్ఛిన్నం చేసే ఫాస్ఫోడైఎస్టరేజ్‌ను ఆపడానికి ఐసోబ్యూటైల్ మిథైల్ జాంథీన్‌ను 0.5 మిల్లీమోలార్ వద్ద కలిపి పది, పదిహేను నిమిషాలు ఉంచాలి. తరువాత పెప్టైడ్‌ను చేర్చి, 37 డిగ్రీల వద్ద మరో పది, పదిహేను నిమిషాలు ఆగి, బఫర్‌ను తీసేసి, 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గానీ కిట్‌లో ఇచ్చిన ద్రావణంతో గానీ కణాలను ఛేదించాలి. కాలాన్ని గడియారం చూసి పాటించాలి, మొదటి బావికీ చివరి బావికీ మధ్య రెండు మూడు నిమిషాల తేడా వచ్చినా ఫలితంలో కనిపిస్తుంది. కొలిచే కిట్ పోటీ పద్ధతి మీద ఆధారపడినదైతే సైక్లిక్ ఏఎంపీ పెరిగేకొద్దీ సంకేతం తగ్గుతుంది. కొత్తవారు ఈ తలకిందుల రేఖను చూసి పెప్టైడ్ పనిచేయలేదని పొరబడుతుంటారు, కాబట్టి ప్రమాణ రేఖ గీసి, గాఢతలుగా మార్చిన తరువాతే నిర్ణయానికి రావాలి.

పెప్టైడ్ లేకుండా అదే ఆమ్లం, అదే ఆల్బుమిన్ ఉన్న ఖాళీ ద్రావణం ఒక వరుసలో ఉండాలి. 10 మైక్రోమోలార్ ఫోర్స్కోలిన్ మరో వరుసలో ఉండాలి. అది గ్రాహకంతో పనిలేకుండా ఎడినైలేట్ సైక్లేజ్‌ను నేరుగా ప్రేరేపిస్తుంది కాబట్టి, ఫోర్స్కోలిన్‌కు స్పందించి పెప్టైడ్‌కు స్పందించకపోతే లోపం పెప్టైడ్‌లోనో గ్రాహకంలోనో ఉందని తెలుస్తుంది. వీటితో పాటు పీటీహెచ్ (7–34) తునకను కూడా పెట్టుకోవడం మంచిది. గ్రాహకానికి అంటుకునే భాగం గొలుసు చివరివైపు, దాన్ని ప్రేరేపించే భాగం మొదటివైపు ఉంటాయి. మొదటి ఆరు అమైనో ఆమ్లాలు లేని ఆ తునక అంటుకుంటుంది గానీ ప్రేరేపించదు. దాన్ని ఎక్కువ మోతాదులో ముందుగా కలిపినప్పుడు పీటీహెచ్ (1–34) ప్రభావం తగ్గితే, మనం చూస్తున్నది నిజంగా ఆ గ్రాహకం ద్వారా జరుగుతున్నదేనని ధైర్యంగా చెప్పవచ్చు. సగం గరిష్ఠ ప్రభావాన్ని ఇచ్చే గాఢత సాధారణంగా నానోమోలార్ పరిధిలోనో అంతకు తక్కువలోనో ఉంటుంది. అది వందల నానోమోలార్‌లో వస్తే పెప్టైడ్‌ను అనుమానించాలి.

రోజుల తరబడి సాగే ఎముక కణ ప్రయోగాలలో ఎంతసేపు తగలనిచ్చాం అన్నది ఎంత మోతాదు అన్నదానితో సమానంగా ముఖ్యం. ఈ హార్మోన్ విడతలు విడతలుగా అందినప్పుడు ఎముక నిర్మాణం పెరుగుతుంది, ఎడతెగకుండా అందినప్పుడు ఎముక కరుగుతుంది. పళ్లెంలోని ఎలుక ఎముక కణాలలో కూడా 48 గంటల చక్రంలో తొలి ఆరు గంటలే పెప్టైడ్ ఉంచి కడిగేసినప్పుడు పరిపక్వత పెరిగిందని, నిరంతరం ఉంచినప్పుడు తగ్గిందని తేలింది. కాబట్టి పెప్టైడ్ కలిపిన సమయాన్నీ, కడిగేసిన సమయాన్నీ రాసి ఉంచకపోతే ఆ ఫలితాన్ని మరొకరు తిరిగి రాబట్టలేరు. సీరమ్ ఉన్న మాధ్యమంలో పెప్టైడ్‌ను ఎంజైములు ముక్కలు చేస్తాయి కూడా, అందుకే మాధ్యమం మార్చినప్పుడల్లా కొత్తగా కలపాలి.

శక్తి తగ్గిందనిపించినప్పుడు

నెలల తరువాత అదే స్టాక్ బలహీనపడిందనిపిస్తే మొదట చూడవలసింది మెథియోనిన్ ఆక్సీకరణ. ఎనిమిదవ, పద్దెనిమిదవ స్థానాల్లో ఒక్కొక్క మెథియోనిన్ ఉంది. పద్దెనిమిదవది ఆక్సీకరించినా పెప్టైడ్ శక్తి పెద్దగా తగ్గదు, ఎనిమిదవది ఆక్సీకరిస్తే స్పష్టంగా తగ్గుతుంది, రెండూ ఆక్సీకరిస్తే ఇంకా పడిపోతుంది. మాస్ స్పెక్ట్రమ్‌లో ఒక్కొక్క ఆక్సీకరణకు 16 డాల్టన్లు పెరుగుతాయి కాబట్టి 4133.7 వద్దనో, 4149.7 వద్దనో కొత్త శిఖరం కనిపిస్తుంది. అణువులను జలవికర్షకతను బట్టి వేరుచేసే సీ18 క్రొమటోగ్రఫీ స్తంభం మీద, ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం కలిపిన ఎసిటోనైట్రైల్ ప్రవణతతో నడిపి 214 నానోమీటర్ల వద్ద చూస్తే, ఆక్సీకరించిన రూపాలు అసలు శిఖరం కంటే ముందుగా బయటికి వస్తాయి. అవి తక్కువ జలవికర్షకత గలవి కావడమే అందుకు కారణం. ఆస్పరజిన్ మార్పు వల్ల పెరిగే బరువు ఒక డాల్టన్ మాత్రమే కాబట్టి సాధారణ పరికరం మీద అది దాగిపోతుంది, స్తంభం మీద శిఖరం పక్కన భుజంలా కనిపించే గుబురును గమనించాలి.

ఈ పోలిక చేయడానికి సీసా కొత్తగా వచ్చిన రోజునే ఒక నమూనాను నడిపి ఆ చిత్రాన్ని దాచుకుని ఉండాలి. ఆ పని చేయనివారు అదే బ్యాచ్‌లో తెరవని సీసా ఉంటే దానితోనూ, లేకపోతే అమ్మినవారు ఇచ్చిన చిత్రంతోనూ పోల్చుకోవచ్చు. రెండవదాంట్లో స్తంభం, ప్రవణత వేరు కావచ్చు కాబట్టి సమయాలను కాక శిఖరాల వాటాలను చూడాలి. ఆక్సీకరించిన శిఖరాల మొత్తం ఐదు శాతం దాటితే నేను ఆ స్టాక్‌ను మోతాదు ప్రయోగాలకు వాడను, మిగిలిన ట్యూబులన్నిటినీ తీసేసి కొత్త సీసా తెరుస్తాను.